మేఘం లోపల మెరుపు ఎలా పుడుతుంది, ఎలా పాకుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మెరుపు అనగానే నేలమీద పడే పిడుగే గుర్తొస్తుంది. కానీ మెరుపుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు నేల దాకా రావు. మేఘంలోనే పుట్టి, మేఘంలోనే పాకి, అక్కడే ఆరిపోతాయి. నేలకు దిగే పిడుగు కూడా మొదలయ్యేది లోపలే. అందుకే ఇక్కడి ప్రశ్నలు చాలావరకు మేఘం లోపల జరిగే వాటి గురించే.

మేఘంలోకి విద్యుదావేశం ఎక్కడి నుంచి వస్తుంది?

బయటి నుంచి రాదు. మేఘంలో మొదటి నుంచీ సమానంగా ఉన్న ధన, రుణ ఆవేశాలు విడిపోతాయి, అంతే. విడదీసేది మంచు. ఇందుకు నాలుగు కావాలి: కొన్ని మిల్లీమీటర్ల మెత్తటి మంచు గుళికలు (వీటినే గ్రాపెల్ అంటారు), వాటికంటే చాలా చిన్నవైన మంచు స్ఫటికాలు, సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు, వీటన్నిటినీ కలబోసే బలమైన పైగాలి (మేఘంలో కింది నుంచి పైకి లేచే గాలి).

గుళిక బరువైనది కాబట్టి కిందికి జారుతుంది, లేదా ఉన్నచోటే ఊగిసలాడుతుంది. స్ఫటికం పైగాలిలో పైకి పోతుంది. దారిలో రెండూ ఢీకొని, అతుక్కోకుండా విడిపోయినప్పుడు కొద్దిపాటి ఆవేశం ఒకదాని నుంచి మరోదానికి మారుతుంది. ఒక్కో ఢీకి మారేది ఫెమ్టోకూలుంబుల్లోనే ఉంటుంది. ఒక ఫెమ్టోకూలుంబు అంటే సుమారు 6 వేల ఎలక్ట్రాన్లు. కానీ ఇలాంటి ఢీలు లెక్కలేనన్ని జరుగుతాయి, ఆ తర్వాత గురుత్వాకర్షణ, పైగాలి కలిసి రెండింటినీ కిలోమీటర్ల దూరం విడదీస్తాయి. కొద్ది నిమిషాల్లో పదుల కూలుంబుల ఆవేశం పోగుపడుతుంది.

ఎవరికి ఏ ఆవేశం దక్కుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టి, నీటి పరిమాణాన్ని బట్టి మారుతుంది. 1978లో శాస్త్రవేత్త తకహాషి ప్రయోగశాలలో చూపింది ఇదే. మైనస్ 10 నుంచి మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక తిరుగుబిందువు ఉంటుంది. దానికంటే చల్లగా ఉన్నచోట గుళికకు రుణావేశం వస్తుంది, వెచ్చగా ఉన్నచోట ధనావేశం వస్తుంది.

అయితే మేఘంలో ఏ ఆవేశం ఏ ఎత్తులో ఉంటుంది?

పాఠ్యపుస్తకాల్లో కనిపించేది మూడంతస్తుల నమూనా. పైన ధనావేశం, మధ్యలో బలమైన రుణావేశం, అడుగున చిన్న ధనావేశం. మధ్యనున్న రుణ పొర సాధారణంగా మైనస్ 10, మైనస్ 25 డిగ్రీల మధ్య, వేసవి మేఘాల్లో 6 నుంచి 8 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడుగున ఉన్న ధన పొర చూడ్డానికి చిన్నదే అయినా పిడుగు విషయంలో దాని పాత్ర పెద్దది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నిజం మేఘాలు ఇంత శుభ్రంగా ఉండవు. బెలూన్లతో కొలిస్తే పైగాలి ఉన్న భాగంలో నాలుగు పొరలు, దానికి బయట ఆరు లేదా అంతకంటే ఎక్కువ పొరలు కనిపించాయి. కొన్ని తీవ్రమైన ఉరుము మేఘాల్లో అమరిక మొత్తం తలకిందులుగా, అంటే మధ్యలో ధనావేశంతో ఉంటుంది. మూడంతస్తుల బొమ్మను ఆలోచించడానికి వాడుకోవచ్చు, దానిమీద మరీ ఆధారపడకూడదు.

గాలి తెగి మెరుపు పుట్టాలంటే ఎంత విద్యుత్ క్షేత్రం కావాలి? మేఘంలో అంత ఉంటుందా?

ఉండదు. ఈ విషయంలో అసలు చిక్కు ఇదే.

సముద్రమట్టం దగ్గర పొడిగాలి తెగాలంటే, అంటే విద్యుత్తుకు దారి ఇవ్వాలంటే, మీటరుకు 30 లక్షల వోల్టులు కావాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి 6 కిలోమీటర్ల ఎత్తున అందులో సగం, అంటే దాదాపు 15 లక్షలు చాలు. కానీ బెలూన్లు, విమానాలు, రాకెట్లు మేఘాల్లోకి తీసుకెళ్లిన పరికరాలు సాధారణంగా చూపేది మీటరుకు 1 లేదా 2 లక్షల వోల్టులు. 3, 4 లక్షలు కనిపించడమే అరుదు. కావలసినదానికీ ఉన్నదానికీ మధ్య ఇంచుమించు పది రెట్ల తేడా.

బెలూన్ ఒక్క దారివెంటే పోతుంది, ఎక్కడో చిన్న చోట క్షేత్రం బాగా పెరిగితే దానికి తెలియకపోవచ్చు కదా అనవచ్చు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ పది రెట్ల క్షేత్రం పెద్ద వైశాల్యంలో ఉంటే ఇన్నేళ్ల కొలతల్లో ఎక్కడో ఒకచోట తగలాలి. కాబట్టి పెరుగుదల ఏదైనా ఉంటే అది చాలా చిన్న చోటుకే పరిమితమై ఉండాలి.

మరి మొదటి రవ్వ ఎలా పుడుతుంది?

రెండు దారులు చెబుతారు. అవి ఒకదానికొకటి పోటీ కానక్కర్లేదు, రెండూ కలిసి పనిచేయవచ్చు.

మొదటిది మంచు ముక్కలు, నీటి బిందువుల దారి. విద్యుత్తును ప్రసరింపజేసే గుండ్రటి వస్తువును క్షేత్రంలో పెడితే దాని రెండు కొసల దగ్గర క్షేత్రం మూడు రెట్లవుతుంది. వస్తువు పొడవుగా, సన్నగా ఉంటే ఇంకా ఎక్కువ. పొడుగాటి మంచు ముక్క, లేదా ఢీకొని సాగిన రెండు నీటి బిందువులు తమ కొస దగ్గర ఆ 15 లక్షల గడప దాటించగలవు. అక్కడ కరోనా (కొస దగ్గర గాలిలో పుట్టే చిన్న విద్యుత్ స్రావం) పుట్టి, దాని నుంచి ధన స్ట్రీమర్లు, అంటే ధనావేశపు తలతో గాలిలో పాకే సన్నటి విద్యుత్ పాయలు, బయలుదేరుతాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. స్ట్రీమర్ పుట్టడానికి కావలసిన క్షేత్రం వేరు, ముందుకు పోవడానికి కావలసిన క్షేత్రం వేరు. ధన స్ట్రీమర్ సాగడానికి సముద్రమట్టం దగ్గర మీటరుకు సుమారు 5 లక్షల వోల్టులు, 6 కిలోమీటర్ల ఎత్తున దాదాపు 2.5 లక్షలు ఉంటే చాలు. అది మేఘంలో నిజంగా కొలిచిన అంకెలకు అందుబాటులో ఉంది. అంటే మేఘమంతా 15 లక్షలకు చేరనక్కర్లేదు. మిల్లీమీటర్ల చోట అంత ఉండి, చుట్టూ కొన్ని వందల మీటర్ల మేర 2.5 లక్షలు ఉంటే పని మొదలవుతుంది. పైగా ఒకే దారిలో వరసగా స్ట్రీమర్లు పోతే వాటి వెనక రుణావేశం పోగుపడి, మొదలైనచోట క్షేత్రం ఇంకా పెరుగుతుంది. దీన్ని 1976లో గ్రిఫిత్స్, ఫెల్ప్స్ లెక్కకట్టారు.

రెండోది పరుగెత్తే ఎలక్ట్రాన్ల దారి. ఎలక్ట్రాన్ ఎంత వేగంగా పోతే, ఒక హద్దు వరకు, గాలి అణువులతో దాని ఘర్షణ అంత తగ్గుతుంది. కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి వచ్చే శక్తిమంతమైన కణాల) వల్ల పుట్టిన వేగవంతమైన ఎలక్ట్రాన్ తగిన క్షేత్రంలో పడితే, పోగొట్టుకునే శక్తి కంటే పొందే శక్తి ఎక్కువై, కాంతి వేగానికి దగ్గరగా పరుగెడుతూ దారిలో మరిన్ని ఎలక్ట్రాన్లను లేపుతుంది. ఈ ఆలోచన 1925లో సి.టి.ఆర్. విల్సన్‌ది. దాన్ని 1992లో గురేవిచ్ బృందం మంచు చరియ విరిగిపడినట్టు అంతకంతకూ పెరిగే ప్రక్రియగా మలిచింది. ఇందుకు సముద్రమట్టం దగ్గర మీటరుకు 2.84 లక్షల వోల్టులు చాలు, 6 కిలోమీటర్ల ఎత్తున అందులో సగం. లోపం ఏమిటంటే ఈ ఎలక్ట్రాన్ల వర్షం వందల మీటర్ల వెడల్పున చెదిరి ఉంటుంది. మెరుపు పారే దారిని, అంటే సెంటీమీటర్ల వెడల్పున్న వేడి గాలి గొట్టాన్ని, అది ఒంటరిగా తయారుచేయలేదు. చాలామంది దీన్ని సాయం చేసే ప్రక్రియగానే చూస్తారు.

మెరుపు మొదటి క్షణాన్ని ఎవరైనా చూశారా?

కంటితో సాధ్యం కాదు, రేడియో తరంగాలతో చూశారు. 2016లో న్యూమెక్సికోలోని పరిశోధకులు కొన్ని మెరుపులు వేగవంతమైన ధన విచ్ఛేదంతో (విచ్ఛేదం అంటే గాలి తెగడం) మొదలవుతాయని చూపారు. సెకనుకు కోట్ల మీటర్ల వేగంతో, పది నుంచి ముప్పై మైక్రోసెకన్లలో వందల మీటర్లు పాకే స్ట్రీమర్ల గుంపు అది. అప్పటికి వేడి గొట్టం ఇంకా లేదు. తర్వాత రుణ దిశలో సాగే వేగవంతమైన విచ్ఛేదమూ కనిపించింది, కాబట్టి అన్ని మెరుపులకూ ఒకటే ఆరంభం అనలేం. ఖగోళ పరిశీలనకు కట్టిన లోఫార్ రేడియో టెలిస్కోపును నెదర్లాండ్స్‌లో మేఘాలవైపు వాడినప్పుడు, సంకేతం అతి బలహీనంగా మొదలై, ఘాతీయంగా పెరిగి, ఆ తర్వాతే లీడర్‌గా, అంటే మెరుపు పాకే వేడి గొట్టంగా, మారడం కనిపించింది.

స్ట్రీమర్‌కీ లీడర్‌కీ తేడా ఏమిటి?

స్ట్రీమర్ చల్లనిది, లీడర్ వేడిది. స్ట్రీమర్ తల దగ్గర మాత్రమే క్షేత్రం బలంగా ఉంటుంది. దాని వెనక విడిపోయిన ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అణువులు పట్టేసుకుంటాయి, కొన్ని మైక్రోసెకన్లలోనే దారి మూసుకుపోతుంది. అందుకే ఒంటరి స్ట్రీమర్ మెరుపు కాలేదు.

చాలా స్ట్రీమర్లు ఒకే మొదలు నుంచి చీలి పోతే వాటన్నిటి విద్యుత్తూ ఆ మొదలు గుండానే రావాలి. అక్కడ గాలి వేడెక్కుతుంది. సుమారు 2,000 కెల్విన్లు దాటాక ఆక్సిజన్ పట్టుకున్న ఎలక్ట్రాన్లు మళ్లీ ఊడిపోతాయి, దారి తెరిచే ఉంటుంది. అదే లీడర్. ఇక అది మంచి విద్యుద్వాహకం. దాని పొడవునా వోల్టేజి పెద్దగా పడిపోదు కాబట్టి బలమైన క్షేత్రమంతా కొసల దగ్గరే కేంద్రీకృతమవుతుంది. గొట్టం పొడవు పెరిగేకొద్దీ కొసల దగ్గర క్షేత్రం ఇంకా బలపడుతుంది. చుట్టూ క్షేత్రం తక్కువగా ఉన్నా మెరుపు కిలోమీటర్లు పాకగలగడానికి కారణం ఇదే.

మెరుపు ఒక వైపుకే పోతుందా?

రెండు వైపులకూ పోతుంది. పాత పుస్తకాల్లో మేఘంలోని ఆవేశమంతా ఒక గొట్టంలోకి కారి కిందికి దిగినట్టు బొమ్మలు ఉంటాయి. అది తప్పు. మేఘంలోని ఆవేశం మంచు ముక్కలకు అతుక్కుని ఉంటుంది, అది లోహపు తీగలోలాగా కారిపోదు. 1950, 60ల్లో హైంజ్ కాసెమీర్ ప్రతిపాదించిన రెండు కొసల లీడరే ఇప్పుడు అందరూ అంగీకరించే నమూనా. గొట్టం మొత్తం మీద నికర ఆవేశం సున్నా. చుట్టూ ఉన్న క్షేత్రం దాని ఒక కొసను ధనంగా, మరో కొసను రుణంగా మారుస్తుంది. ధన కొస మేఘంలోని రుణావేశంలోకి, రుణ కొస ధనావేశంలోకి చొచ్చుకుపోతాయి. కొమ్మలు వేస్తూ, స్ట్రీమర్లు చిమ్ముతూ అక్కడి ఆవేశాన్ని ఎదురావేశంతో తటస్థం చేస్తాయి.

రుణ కొస మెట్లు మెట్లుగా ఎందుకు దూకుతుంది?

రుణ కొసకు ముందున్న స్ట్రీమర్ ప్రాంతంలో, గొట్టానికి తగలకుండా, విడిగా ఒక వేడి మొలక పుడుతుంది. దానికీ రెండు కొసలుంటాయి. అది వెనక్కి పెరిగి గొట్టాన్ని కలిసిన క్షణంలో, గొట్టం ఒక్కసారిగా ఆ మేర పొడవవుతుంది. అదే ఒక మెట్టు. వెంటనే కొత్త కొస నుంచి స్ట్రీమర్లు చిమ్ముతాయి, మళ్లీ మొదటి నుంచి.

నేల దగ్గర మెట్టు పొడవు సాధారణంగా పదుల మీటర్లు, మెట్టుకీ మెట్టుకీ మధ్య పదుల మైక్రోసెకన్లు. గాలి పలచగా ఉండే ఎత్తుల్లో మెట్టు వందల మీటర్లకు చేరవచ్చు. సగటు వేగం సెకనుకు సుమారు 2 లక్షల మీటర్లు. ప్రతి మెట్టూ బలమైన రేడియో తరంగాలను, కొన్నిసార్లు ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది.

ధన కొస సంగతి?

అది దాదాపు నిరాటంకంగా, సాధారణంగా సెకనుకు పదివేల నుంచి లక్ష మీటర్ల వేగంతో పాకుతుంది. ధన స్ట్రీమర్లు తక్కువ క్షేత్రంలోనే సాగుతాయి కాబట్టి దానికి దూకాల్సిన పని లేదు. రేడియోలో అది చాలా బలహీనంగా వినిపిస్తుంది, అందుకే చాలాకాలం రేడియోతో గీసిన పటాల్లో సగం మెరుపు కనిపించేది కాదు. 2019లో లోఫార్ ఆ గొట్టం పక్కల నుంచి పదుల మీటర్ల సూదుల్లాంటి నిర్మాణాలు పదే పదే మెరవడాన్ని పట్టింది. గొట్టంలోని ఆవేశం కొంత ఇలా పక్కకు తోసుకుని మేఘంలోకి తిరిగి పోతుంది.

మేఘంలోని ఒక మెరుపు మొదటి నుంచి చివరిదాకా ఎలా సాగుతుంది?

మధ్య రుణ పొరకూ పై ధన పొరకూ నడుమ క్షేత్రం ఎక్కువ. అక్కడ తొలి విచ్ఛేదం పది, ముప్పై మైక్రోసెకన్లలో ముగుస్తుంది. తర్వాతి కొన్ని మిల్లీసెకన్లు బలమైన ఆరంభ రేడియో స్పందనలు వస్తాయి, గొట్టం వేడెక్కి లీడర్ అవుతుంది. రుణ కొస నిలువుగా పైకి పోయి పదీ ఇరవై మిల్లీసెకన్లలో ధన పొరను చేరుతుంది. అక్కడ పైకి పోవడం మాని అడ్డంగా చీలుతుంది, ఎందుకంటే వెతుక్కుంటూ వచ్చిన ఆవేశం ఆ పొరలోనే ఉంది. ధన కొస ఈలోగా కింద రుణ పొరలో అలాగే అడ్డంగా విస్తరిస్తుంది. పటంలో ఇది రెండు అంతస్తులూ నడుమ ఒక నిచ్చెనా ఉన్నట్టు కనిపిస్తుంది.

తర్వాత కొన్ని వందల మిల్లీసెకన్ల పాటు కొమ్మలు పెరుగుతాయి. చల్లారిన ధన కొమ్మల్లో ఎదురు దిశలో మెరుపు పరుగులు వస్తాయి, ఇవి సెకనుకు పది లక్షల నుంచి కోటి మీటర్లకు పైగా పోతాయి. చివరకు కొసల దగ్గర క్షేత్రం చాలక గొట్టం ఆరిపోతుంది. మొత్తం అర సెకను.

కొన్ని మెరుపులే నేలకు ఎందుకు దిగుతాయి?

అడుగు ధన పొర ఎంత ఉందన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. అది అసలే లేకపోతే రుణ పొర కింద లీడర్ మొదలవడానికి తగిన క్షేత్రం ఏర్పడటం కష్టం. కొద్దిగా ఉంటే లీడర్ కిందికి మొదలై, ఆ పొరను దాటి నేలకు దిగుతుంది. మరీ ఎక్కువగా ఉంటే లీడర్ అందులోనే అడ్డంగా చిక్కుకుని మేఘంలోనే ఉండిపోతుంది.

మేఘం పక్క నుంచి బయటపడి, పది కిలోమీటర్లకు పైగా నీలాకాశం కింద ప్రయాణించి పడే పిడుగులూ ఉన్నాయి. పై ధన పొర బలహీనపడినప్పుడు, పైకి పోయిన రుణ లీడర్ అక్కడ ఆగకుండా పక్కకు జారి కిందికి దిగితే ఇలా జరుగుతుంది.

లీడర్ నేలకు తాకినప్పుడు?

నేల మీది ఎత్తైన వస్తువుల నుంచి ఎదురు లీడర్ లేచి దాన్ని కలుస్తుంది. కలిసిన చోటు నుంచి రిటర్న్ స్ట్రోక్ (గొట్టం వెంట పైకి ఎగబాకే భారీ విద్యుత్ తరంగం) కాంతి వేగంలో మూడో వంతు నుంచి సగం దాకా వేగంతో పైకి పోతుంది. మొదటి స్ట్రోక్ గరిష్ఠ విద్యుత్తు మధ్యస్థంగా 30 వేల ఆంపియర్లు, గొట్టం ఉష్ణోగ్రత దాదాపు 30,000 కెల్విన్లు. కంటికి కనిపించే మిణుకుమిణుకు, అదే గొట్టంలో దాదాపు 60 మిల్లీసెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ వచ్చే స్ట్రోకులు. మూడు నుంచి అయిదు మామూలే.

మెరుపు ఎంత దూరం పాకగలదు?

మామూలు మేఘంలో పదీ ఇరవై కిలోమీటర్లు. వందల కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న ఉరుము మేఘాల వ్యవస్థల వెనక భాగంలో ఆవేశ పొరలు పలచగా, అఖండంగా ఉంటాయి. అక్కడ కథ వేరు. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన రికార్డు 829 కిలోమీటర్లు. 2017 అక్టోబరు 22న అమెరికాలో తూర్పు టెక్సస్ నుంచి కాన్సస్ సిటీ దగ్గరిదాకా సాగింది. ఎక్కువసేపు నిలిచినది 2020 జూన్ 18న ఉరుగ్వే, ఉత్తర అర్జెంటీనాల మీద, 17.1 సెకన్లు. ఇవి ఒక్క దూకులో పోయినవి కావు. పాకుతూ పోతుంటే దారిలో కొత్త ఆవేశం దొరుకుతూ ఉండాలి, పొర ఎక్కడ తెగితే అక్కడ మెరుపు ఆగిపోతుంది.

మేఘం లోపలున్నదాన్ని ఎలా పటం గీస్తారు?

మేఘం కాంతిని చెదరగొడుతుంది, రేడియోను ఆపదు. 60 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల వినే యాంటెనాలను పదుల కిలోమీటర్ల మేర పరిచి, మెరుపు నుంచి వచ్చే ఒక్కో రేడియో స్పందన ఎక్కడికి ఎప్పుడు చేరిందో జీపీఎస్ గడియారంతో గుర్తిస్తారు. తెలుసుకోవాల్సినవి నాలుగు: మూడు దిక్కుల స్థానం, పుట్టిన సమయం. కాబట్టి కనీసం నాలుగు కేంద్రాలు కావాలి. నాలుగింటితోనే సరిపెడితే తప్పుడు చుక్కలు చాలా వస్తాయి, అందుకే ఆరు లేదా అంతకంటే ఎక్కువ కేంద్రాలు విన్న స్పందననే నమ్ముతారు. కేంద్రాలన్నీ ఇంచుమించు ఒకే తలంలో ఉంటాయి కాబట్టి దూరపు మెరుపుల ఎత్తులో పొరపాటు ఎక్కువ.

ఉపగ్రహాల పద్ధతి వేరు. వేడెక్కిన ఆక్సిజన్ వెదజల్లే 777.4 నానోమీటర్ల కాంతిని పైనుంచి చూస్తాయి. పెద్ద రికార్డులన్నీ అలా దొరికినవే. కొమ్మల వివరం మాత్రం వాటికి అందదు.

మేఘంలో మొత్తం వోల్టేజి ఎంత?

సాధారణంగా పది కోట్ల వోల్టుల స్థాయి. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగం మరో దారిలో కొలిచింది. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూవాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైన కణాలు) మేఘం గుండా వచ్చేటప్పుడు వాటి సంఖ్యలో వచ్చే మార్పు నుంచి లెక్కకట్టి, 2014 డిసెంబరు 1 నాటి మేఘంలో 130 కోట్ల వోల్టులు ఉన్నట్టు 2019లో ప్రకటించింది. బెలూన్ ఒక దారిని చూస్తే, మ్యూవాన్లు మేఘం మొత్తాన్నీ చూస్తాయి.

విమానం మెరుపుకు ఎదురెళ్తుందా, మెరుపును పుట్టిస్తుందా?

ఎక్కువగా పుట్టిస్తుంది. పొడవాటి లోహపు వస్తువు ఆవేశిత మేఘంలోకి వస్తే దాని ముక్కు, రెక్కల కొసలు, తోక దగ్గర క్షేత్రం ఎన్నో రెట్లవుతుంది. ముందు ధన లీడర్, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత ఎదుటి కొస నుంచి రుణ లీడర్ బయలుదేరతాయి. అచ్చం కాసెమీర్ చెప్పిన రెండు కొసల చెట్టే. సన్నటి తీగ కట్టిన రాకెట్‌ను నేల నుంచి మేఘం వైపు వదిలి, కోరినచోట పిడుగును రప్పించే ప్రయోగాలు ఇదే సూత్రంతో పనిచేస్తాయి.

ఉరుము లేని మెరుపు, ఆకాశమంతా వెలిగే మెరుపు వేరే రకాలా?

కావు. మేఘం లోపలి గొట్టం కనిపించకుండా దాని వెలుగు మాత్రమే మేఘమంతా పరుచుకుంటే ఆకాశం వెలిగినట్టు ఉంటుంది. దాదాపు 15, 20 కిలోమీటర్లు దాటితే ఉరుము వినిపించదు, ధ్వని పైకి వంగిపోతుంది.

ఉరుము ఎందుకు దొర్లుతుంది?

గొట్టం కిలోమీటర్ల పొడవు, వంకరటింకర. దగ్గరి భాగం ధ్వని ముందు, దూరపు భాగాలవి తర్వాత చేరతాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే దగ్గరి కొమ్మ దూరం కిలోమీటర్లలో వస్తుంది. అది కొమ్మ దూరమే. తర్వాతి పిడుగు ఎక్కడ పడుతుందో ఆ లెక్క చెప్పదు.

మొదటి మెరుపును ముందే పసిగట్టవచ్చా?

కొన్ని నిమిషాల నుంచి పావుగంట ముందు, రాడార్‌తో. మైనస్ 10 డిగ్రీల ఎత్తులో రాడార్ ప్రతిధ్వని 40 డీబీజెడ్ (ఆ ప్రతిధ్వని బలానికి కొలమానం) దాటితే అక్కడ గుళికలు తయారయ్యాయని అర్థం. మెరుపు ఎక్కువగా దాని వెనకే వస్తుంది. పైగాలి లేక కూలిపోతున్న మేఘంలో అదే అంకె కనిపించినా మెరుపు రాకపోవచ్చు. తరచుగా మొదటి మెరుపు మేఘంలోదే, నేలకు దిగే పిడుగు కొన్ని నిమిషాల తర్వాత వస్తుంది. అలాగని ఆ వ్యవధి మీద పందెం కాయకూడదు, మొదటిదే నేలను తాకిన సందర్భాలు ఉన్నాయి. ఉరుము వినిపిస్తే పిడుగు పడగల దూరంలోనే ఉన్నట్టు, వెంటనే పక్కా భవనంలోకో పైకప్పు ఉన్న లోహపు వాహనంలోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. వాన తగ్గినా మేఘం వెనక భాగంలోని పలచటి పొరల్లో ఆవేశం మిగిలే ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే పిడుగులు అరుదే గానీ, వాటిలో ధన పిడుగుల (మేఘంలోని ధనావేశాన్ని నేలకు దింపేవాటి) పాలు ఎక్కువ, వాటి విద్యుత్తు ఎక్కువసేపు పారుతుంది.